ఎలుకా? చిట్టెలుకా?

కృష్ణా డెల్టాలో ఒక పల్లె. ఆ పల్లెలో నాగమణి ఉంటుంది. ఆమెకు సొంత పొలం లేదు. రెండెకరాలు కౌలుకు చేస్తుంది. వరి కోతకు వచ్చింది. ఆ ప్రాంతంలో వరి కోయడానికి నాలుగు రోజుల ముందే, చేలో తడి ఉండగానే, మినుములు చల్లుతారు. అందుకని నాగమణి 35 కిలోల విత్తనం మినుములు కొని దాచింది. పొదుపు సంఘంలో అప్పు తీసుకుని మరీ కొన్నది.

ఒకరోజు పొద్దున్నే మూట జరిపి చూసింది. గుండె గుభేలుమంది.

మూట అడుగున చిల్లు. నేల మీద మినుముల పొట్టు, ముక్కలు. పక్కనే నల్లటి సన్న గింజలు. అవి మినుములు కావు. ఎలుక పెంటికలు!

"ఇంకొన్ని రోజుల్లో చల్లాలి. ఇప్పుడు విత్తనం పోతే మళ్లీ ఎక్కడ తేను? అప్పెట్లా తీర్చను?" అని నాగమణి తల పట్టుకుని కూర్చుంది.

రెండు ఇళ్లు, రెండు బోన్లు

పక్కింటి వెంకాయమ్మ వచ్చింది.

"ఏంటే నాగమణీ, అట్లా కూలబడ్డావు?"

"చూడత్తా! ఎలుకలు మూట కొట్టేశాయి."

"మా ఇంట్లోనూ అదే గోల. రాత్రయితే అటక మీద ఒకటే దడదడ. ఎండు కొబ్బరి అంతా కొట్టేశాయి. పోనీ చంపుదామంటే వినాయకుడి వాహనమాయె! అయినా ఇంక ఓపిక లేదు. బోను పెట్టాను" అంది వెంకాయమ్మ.

వెంకాయమ్మ పెట్టింది చిన్న చెక్క బోను. అరచేయంత ఉంటుంది. ఎర ముట్టుకోగానే కమ్మి టప్పున పడుతుంది. నాగమణి వాళ్ల బావగారింటి నుంచి పెద్ద ఇనుప కమ్మీల బోను తెచ్చింది. అందులో ఎండుచేప కట్టి, మూట పక్కన పెట్టింది.

పొద్దున చూస్తే బోను తలుపు పడలేదు. ఎండుచేప సగం లేదు. ఎలుకా లేదు. రెండోరోజూ అంతే. మూడోరోజూ అంతే.

"ఇది ఎలుకా, దయ్యమా?" అంది నాగమణి.

వెంకాయమ్మ ఇంట్లో ఇంకో రకం. రెండు రోజులు ఎలుక బోను దరిదాపులకే రాలేదు. మూడోరోజు బోను టప్పున పడింది. పొద్దున చూస్తే బోను అటక మూలకు ఈడ్చి ఉంది. దానికి నాలుగు వెంట్రుకలు అంటుకుని ఉన్నాయి. ఎలుక మాత్రం విడిపించుకుని పోయింది.

టమాటా ముక్క

నాగమణికి కోపం వచ్చింది. దుకాణానికి వెళ్లి ఎలుకల పేస్టు కొన్నది. ఒక టమాటాను చీల్చింది. ముక్క మీద పేస్టు రాసింది. పొద్దు గూకే వేళ మూట వెనక పెట్టింది. చేతులు కడుక్కుంది.

అప్పుడు పేస్టు అట్టపెట్టె చేతిలోకి తీసుకుంది. లోపల మడత పెట్టిన కాగితం ఉంది. దాని మీద తెలుగు అక్షరాలు ఉన్నాయి. నాగమణి కిందటేడే రాత్రి బడిలో చదవడం నేర్చుకుంది. ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుంటూ చదివింది.

"వి...షం. విషం. పి...ల్ల...ల...కు... పిల్లలకు అందనీయరాదు."

పెట్టె మీద పుర్రె బొమ్మ ఉంది. దాని కింద ఎర్రరంగు ఉంది.

నాగమణి తలెత్తి చూసింది. నాలుగేళ్ల కొడుకు వాకిట్లో లేడు. ఒక్క ఉదుటున లోపలికి పరుగెత్తింది. పిల్లవాడు మూట పక్కన కూర్చుని ఉన్నాడు. వాడి చేతిలో టమాటా ముక్క!

"అమ్మా, నాకు?" అన్నాడు వాడు.

నాగమణి ఆ ముక్కను లాగి పారేసింది. వాడి చేతులు, మూతి సబ్బుతో కడిగింది. నోరు తెరిచి చూసింది. తిన్నట్టు లేదు. అయినా ఆగలేదు. పేస్టు పెట్టె కూడా పట్టుకుని, ఆటోలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి పోయింది.

డాక్టరమ్మ పెట్టె చూసింది. పిల్లవాణ్ణి పరీక్ష చేసింది. రాత్రంతా అక్కడే ఉంచుకుంది. పొద్దున ఇంటికి పంపుతూ ఇట్లా చెప్పింది:

"పెట్టె తెచ్చి మంచి పని చేశావు. ఇందులో ఉన్నది పసుపు ఫాస్ఫరస్ అనే విషం. ఇది తిన్నవాళ్లు మొదటి రోజు కొంచెం వాంతి చేసుకుని, తర్వాత బాగానే ఉన్నట్టు కనిపిస్తారు. రెండు మూడు రోజులు గడిచాక కాలేయం చెడిపోతుంది. దీనికి విరుగుడు మందు లేదు. మీ వాడు తిన్నట్టు లేదు. అయినా మూడు రోజులపాటు రోజూ తెచ్చి చూపించు."

మూడు రోజులు గడిచాయి. పిల్లవాడికి ఏమీ కాలేదు. నాగమణి మిగిలిన పేస్టును, ఆ టమాటా ముక్కను ఊరి బయట లోతుగా గొయ్యి తీసి పూడ్చింది.

పిల్లవాడు దక్కాడు. ఎలుకలు మాత్రం ఇంకా మూటలోనే ఉన్నాయి.

చెంచమ్మ వచ్చింది

ఆ ఊరి చివర యానాదుల ఇళ్లు ఉన్నాయి. వరి చేలల్లో ఎలుకలు పట్టడంలో యానాదులకు తరతరాల అనుభవం ఉంది. బొరియను చూసి లోపల ఎలుక ఉందో లేదో చెబుతారు. కుండలో గడ్డి వేసి రాజేసి, ఆ పొగను బొరియలోకి ఊదుతారు. పొగకు తాళలేక ఎలుకలు బయటికి వస్తాయి. ఎలుకల బెడద ఎక్కువైతే రైతులు వీళ్లనే పిలిపించుకుంటారు.

నాగమణి చెంచమ్మను పిలుచుకుని వచ్చింది. చెంచమ్మకు అరవై ఏళ్లు ఉంటాయి.

చెంచమ్మ బోను వైపు చూడనే లేదు. నేల మీద కూర్చుంది. పుల్లతో పెంటికలను కదిపి చూసింది. గోడ వెంబడి చూసింది. మూట చిల్లు చూసింది. తర్వాత వెంకాయమ్మ ఇంటికి పోయి అటక ఎక్కి చూసింది. దిగి వచ్చి నవ్వింది.

"ముందు దొంగ ఎవరో తేలాలమ్మా. దొంగ ఎవరో తెలియకుండా ఎక్కడని కాపు కాస్తావు? నీ ఇంట్లో ఉన్నది చిట్టెలుక. అత్త ఇంట్లో ఉన్నది ఇంటి ఎలుక. నీ పెద్ద బోను కమ్మీల సందుల్లోంచి చిట్టెలుక వస్తుంది, తింటుంది, పోతుంది. అత్త పెట్టిన చిన్న బోను పెద్ద ఎలుకను ఆపలేదు. మీ ఇద్దరూ బోన్లు మార్చుకోండి, చాలు!"

నాగమణి, వెంకాయమ్మ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ముగ్గురూ పకపకా నవ్వారు.

పెంటికలు చెప్పే మాట

ఎలుకలు రాత్రిపూట తిరుగుతాయి. మన కంట పడవు. కానీ గుర్తులు వదిలి పోతాయి. అన్నిటికంటే మంచి గుర్తు పెంటికలు.

చిట్టెలుక పెంటిక జీలకర్ర గింజంత ఉంటుంది. రెండు కొనలూ సన్నగా ఉంటాయి. అక్కడొకటి, ఇక్కడొకటి చెల్లాచెదురుగా పడి ఉంటాయి. ఒక చిట్టెలుక రోజుకు 50కి పైగా పెంటికలు వేస్తుంది.

ఇంటి ఎలుక పెంటిక అర అంగుళం పొడవు ఉంటుంది. సన్నని వేపగింజలాగా ఉంటుంది.

బల్లి రెట్టను చూసి ఎలుక పెంటిక అని పొరబడతారు. బల్లి రెట్టకు ఒక కొనన తెల్లటి చుక్క ఉంటుంది. ఎలుక పెంటికకు ఉండదు.

పెంటికలను చేత్తో ముట్టుకోకూడదు. పుల్లతో కదిపి చూడాలి.

నలుగురిని గుర్తుపట్టండి

మన ఇళ్ల చుట్టూ తిరిగేవి ముఖ్యంగా నాలుగు. ఊరిని బట్టి పేర్లు మారతాయి. అందుకని పేరు కంటే రూపం ముఖ్యం.

1. చిట్టెలుక. ఒళ్లు మూడు అంగుళాలు ఉంటుంది. తోక కూడా దాదాపు అంతే. బరువు 15 నుంచి 20 గ్రాములు. తల చిన్నది. చెవులు ఒంటికి పెద్దవిగా కనిపిస్తాయి. పెన్సిల్ దూరే సందు ఉంటే చాలు, లోపలికి వస్తుంది. మూటల మధ్య, పెట్టెల వెనక, పాత బట్టల్లో గూడు కడుతుంది. తిండికి దగ్గరలోనే కాపురం పెడుతుంది. దూరం పోదు. నీళ్లు లేకపోయినా చాలా రోజులు బతుకుతుంది. గింజల్లో ఉన్న తడి దానికి చాలు.

2. ఇంటి ఎలుక. ఒళ్లు ఆరు నుంచి ఎనిమిది అంగుళాలు. తోక ఒంటి కంటే పొడవు. బరువు 100 గ్రాముల నుంచి 200 గ్రాముల దాకా ఉంటుంది. చెట్లు, గోడలు, తాళ్లు బాగా ఎక్కుతుంది. అటక మీద, ఇంటి కప్పులో, తాటాకుల్లో ఉంటుంది. బొటనవేలు దూరే సందు చాలు దానికి. రోజూ నీళ్లు తాగాలి. అందుకని నీళ్ల తొట్టి దగ్గరికి వస్తుంది.

3. పందికొక్కు. ఇది అన్నిటికంటే పెద్దది. కొన్ని కిలో బరువుకు దగ్గరగా ఉంటాయి. ఒళ్లు బలంగా, వెంట్రుకలు బిరుసుగా ఉంటాయి. నేలలో బొరియలు తవ్వుతుంది. బొరియ నోటి దగ్గర కొత్త మట్టి కుప్పగా ఉంటుంది. గోడ పునాదుల కింద, కాలవ గట్ల మీద, వరి చేలల్లో ఉంటుంది. ఇంగ్లీషువాళ్లకు దీని పేరు లేదు. మన 'పందికొక్కు' అనే మాటనే పట్టుకుని 'బ్యాండికూట్' అన్నారు.

4. చుంచు. దీన్ని చూసి చాలామంది ఎలుక అనుకుంటారు. ఇది ఎలుక జాతి కాదు. మూతి పొడవుగా, సూదిగా ఉంటుంది. కళ్లు చిన్నవి. గోడ వెంబడి కీచుకీచుమంటూ పోతుంది. కంపు కొడుతుంది. ఇది ధాన్యం మూటలు కొట్టదు. బొద్దింకలను, పురుగులను తింటుంది. దీన్ని చంపే పని లేదు. అయినా దీన్ని కూడా చేత్తో పట్టుకోకూడదు.

ఎలుక పిల్లా? చిట్టెలుకా?

నాగమణికి ఒక అనుమానం వచ్చింది.

"పెద్దమ్మా, చిన్నగా ఉన్నంత మాత్రాన చిట్టెలుకే అని ఎట్లా చెప్పను? ఇంటి ఎలుక పిల్ల కావచ్చు గదా?"

"మంచి మాట అడిగావమ్మాయ్. తల చూడు, కాళ్లు చూడు. ఎలుక పిల్లకు తల పెద్దది. వెనక కాళ్ల పాదాలు పెద్దవి. ఒళ్లు ఇంకా పెరగాలి గదా! పసిపిల్లవాడికి పెద్దవాళ్ల చెప్పులు వేసినట్టు ఉంటుంది. చిట్టెలుకకు తల, పాదాలు ఒంటికి తగ్గట్టు చిన్నవిగా ఉంటాయి. మూతి కూడా సన్నగా ఉంటుంది" అని చెంచమ్మ చెప్పింది.

ఈ తేడా ఎందుకు తెలియాలి? బోనులో చిన్నది పడితే అది ఎలుక పిల్ల కావచ్చు. అప్పుడు పెద్ద ఎలుకలు ఇంట్లోనే ఉన్నట్టు లెక్క. చిన్న బోన్లు పెట్టి ఊరుకుంటే అవి చిక్కవు.

గుణం తెలిస్తే బోను పడుతుంది

రూపంలోనే కాదు, గుణంలో కూడా చిట్టెలుకకు, ఇంటి ఎలుకకు తేడా ఉంది.

చిట్టెలుకకు ఆరాటం ఎక్కువ. కొత్త వస్తువు కనిపిస్తే వెంటనే వచ్చి వాసన చూస్తుంది. ఒకచోట కడుపు నిండా తినదు. ఇక్కడ కొంచెం, అక్కడ కొంచెం కొరుకుతుంది. రోజుకు తినేది 3 గ్రాములే. పాడుచేసేది చాలా ఎక్కువ. అందుకని చిట్టెలుకకు చిన్న బోన్లు ఎక్కువ పెట్టాలి. ఆరేడు అడుగులకు ఒకటి పెట్టాలి. మొదటి రోజే పడతాయి.

ఇంటి ఎలుకకు అనుమానం ఎక్కువ. కొత్త వస్తువు కనిపిస్తే నాలుగైదు రోజులు దూరంగా తిరుగుతుంది. అందుకని ముందు బోను తలుపు తెరిచి, పడకుండా కట్టేయాలి. లోపల రోజూ ఎర పెట్టాలి. ఎలుక భయం లేకుండా వచ్చి తినిపోతుంది. అలవాటు పడ్డాక కట్టు విప్పి బోను బిగించాలి. ఇంటి ఎలుక రోజుకు 15 నుంచి 20 గ్రాములు తింటుంది.

ఏ ఎలుకైనా గది మధ్యలో నడవదు. గోడను రాసుకుంటూ పోతుంది. అందుకని బోను గోడకు ఆనించి పెట్టాలి. ఇంటి ఎలుక కోసమైతే అటక మీద, అది నడిచే దూలం పక్కన పెట్టాలి.

ఎర ఊడిరాకుండా దారంతో గట్టిగా కట్టాలి. చిట్టెలుకకు వేయించిన వేరుశనగ గింజ, కొబ్బరి ముక్క సరిపోతాయి. ఇంటి ఎలుకకు ఎండుచేప, పకోడీ, కొబ్బరి పెట్టవచ్చు. చుట్టుపక్కల వేరే తిండి లేకుండా చూస్తేనే అవి ఎరకు వస్తాయి.

పందికొక్కు సంగతి వేరు. అది ఉండేది బొరియలో. బొరియలన్నిటినీ సాయంత్రం మట్టితో మూయాలి. పొద్దున ఏది తెరిచి ఉంటే అందులో పందికొక్కు ఉన్నట్టు. అక్కడ అనుభవం ఉన్నవాళ్లను పిలిపించాలి.

చెప్పినట్టు చేశారు

ఆ రాత్రి నాగమణి అయిదు చిన్న బోన్లు పెట్టింది. ఒకటి వెంకాయమ్మది. మిగిలినవి సంఘంలో అడిగి తెచ్చింది. పొద్దునకు రెండు చిట్టెలుకలు పడ్డాయి. వారంలో తొమ్మిది పడ్డాయి. తర్వాత రెండు రాత్రులు ఏమీ పడలేదు. కొత్త పెంటికలు కూడా కనిపించలేదు.

వెంకాయమ్మ పెద్ద బోను అటక మీద పెట్టింది. నాలుగు రోజులు తలుపు కట్టేసి ఉంచింది. "ఎలుకలకు విందు పెడుతున్నావా అత్తా?" అని కోడలు నవ్వింది. అయిదో రాత్రి బోను బిగించింది. అర్ధరాత్రి తలుపు ధన్‌మని పడింది. పొడుగు తోక ఎలుక చిక్కింది. మూడు రోజుల తర్వాత ఇంకొకటి చిక్కింది.

"మరి వినాయకుడి వాహనం గదా అత్తా?" అంది నాగమణి.

"ఆయన వాహనాన్ని ఆయన దగ్గరే కట్టేసుకోమను. నా అటక మీద ఎందుకు?" అంది వెంకాయమ్మ.

రానీయకుండా చూడడం

బోను పెడితే ఉన్నవి పోతాయి. సందులు మూయకపోతే కొత్తవి వస్తాయి. చిట్టెలుక మూడు వారాలు మోసి, ఒక్కో ఈతకు అయిదారు పిల్లలు పెడుతుంది. ఆ పిల్లలు కూడా కొద్ది నెలల్లోనే ఈనతాయి. అందుకని కింది పనులు చేయాలి.

మూటలను నేల మీద పెట్టకూడదు. అడుగున్నర ఎత్తు బల్ల మీద పెట్టాలి. గోడకు ఒక అడుగు ఎడం ఉంచాలి. అప్పుడు మూట చుట్టూ ఊడ్చుకోవచ్చు. ఎలుక వస్తే వెంటనే తెలుస్తుంది.

విత్తనాలు, పప్పులు మూత గట్టిగా ఉన్న రేకు డబ్బాల్లో పోయాలి. గోనెసంచిని, ప్లాస్టిక్ డబ్బాను ఎలుక కొరికేస్తుంది. ఎలుక పళ్లు బతికినంత కాలం పెరుగుతూనే ఉంటాయి. అందుకని అది ఎప్పుడూ ఏదో ఒకటి కొరుకుతూనే ఉంటుంది.

గోడ సందులను ఉత్త మట్టితో మూస్తే మళ్లీ తవ్వుతుంది. అంట్లు తోమే ఇనుప పీచును సందులో గట్టిగా కూరి, పైన సిమెంటు పూయాలి. తలుపు కింద సందు ఉంటే రేకు పట్టీ కొట్టించాలి.

చెట్టు కొమ్మ ఇంటి కప్పును తాకుతుంటే కొట్టేయాలి. ఇంటి ఎలుకకు అదే నిచ్చెన.

రాత్రి ఎంగిలి గిన్నెలు వదలకూడదు. నీళ్ల బిందెల మీద మూత పెట్టాలి.

ఒక్క ఇల్లు చేస్తే చాలదు. ఈ ఇంట్లోంచి తరిమితే ఆ ఇంట్లోకి పోతాయి. వీధిలో వాళ్లంతా ఒకే వారంలో చేయాలి.

ఎలుకలు తగ్గితే పాములు కూడా తగ్గుతాయి. పాము ఇంట్లోకి వచ్చేది చాలాసార్లు ఎలుక కోసమే. పొలంలో మాత్రం జెర్రిపోతు, చావుపిట్ట అని మనం పిలిచే గుడ్లగూబ ఎలుకలను తిని రైతుకు మేలు చేస్తాయి. వాటిని చంపకూడదు.

ఎలుకలతో వచ్చే జబ్బులు

ఎలుక మూత్రంలో ఎలుక జ్వరం క్రిములు ఉంటాయి. ఆ మూత్రం కలిసిన నీళ్లలో, బురదలో వట్టి కాళ్లతో దిగితే, కాళ్ల పగుళ్ల నుంచి, పుండ్ల నుంచి క్రిములు ఒంట్లోకి పోతాయి. జ్వరం, ఒళ్లు నొప్పులు వస్తాయి. పిక్కలు బాగా నొప్పి పెడతాయి. కళ్లు ఎర్రబడతాయి. కొందరికి కామెర్లు వస్తాయి. నాట్లకు, కలుపుకు పోయే ఆడవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి. జ్వరం రాగానే డాక్టరుకు చూపించి, "బురదలో పని చేశాను" అని చెప్పాలి. తొందరగా మందులు వాడితే నయమవుతుంది.

ప్లేగు కూడా ఎలుకల మీది పురుగుల వల్ల వచ్చే జబ్బే. 1994లో గుజరాత్‌లోని సూరత్‌లో ప్లేగు వచ్చినప్పుడు జనం భయంతో ఊరు విడిచి పోయారు. కారణం లేకుండా ఎలుకలు ఎక్కువగా చచ్చిపడుతుంటే వాటిని ముట్టుకోకూడదు. వెంటనే ఆరోగ్య కార్యకర్తకు చెప్పాలి.

చచ్చిన ఎలుకను చేతికి ప్లాస్టిక్ సంచి తొడుక్కుని తీయాలి. లోతుగా పూడ్చాలి. పెంటికలు ఉన్నచోట పొడిగా ఊడ్చకూడదు. దుమ్ము ముక్కులోకి పోతుంది. బ్లీచింగ్ పొడి కలిపిన నీళ్లు చల్లి, పది నిమిషాలు ఆగి, తడిగుడ్డతో తుడవాలి. తర్వాత చేతులు సబ్బుతో కడుక్కోవాలి.

విషం గురించి నాలుగు మాటలు

ఇంట్లో విషం వాడకపోవడమే మేలు. విషం ఎలుకనూ, పిల్లవాణ్ణీ వేరు చేసి చూడదు. విషం తిన్న ఎలుక కప్పులో చచ్చి కంపు కొడుతుంది. దాన్ని తిన్న పిల్లి, కుక్క కూడా చావవచ్చు.

జింకు ఫాస్ఫైడ్ అనే నల్లపొడి పొలాల్లో వాడతారు. తడి తగిలితే అది విషవాయువు వదులుతుంది. ఇంట్లో వాడకూడదు. పైగా కొంచెం తిని బతికిన ఎలుక మళ్లీ ఆ ఎరను ముట్టదు.

ఏ మందు కొన్నా పెట్టె మీద గుర్తు చూడండి. ఎర్రరంగు ఉంటే అన్నిటికంటే ప్రమాదం. తర్వాత పసుపు. తర్వాత నీలం. ఆకుపచ్చ ఉంటే ప్రమాదం తక్కువ. తక్కువ అంటే లేదని కాదు.

ఎవరైనా విషం తింటే బలవంతంగా వాంతి చేయించకూడదు. పాలు, నూనె, నెయ్యి పట్టకూడదు. 108కి ఫోను చేయాలి. మందు పెట్టె వెంట తీసుకుపోవాలి. బాగానే ఉన్నట్టు కనిపించినా ఆసుపత్రికి తీసుకుపోవాలి.

లెక్క తేలింది

నాగమణి మినుములను చెరిగి, బాగు చేసి తూచింది. 33 కిలోలు వచ్చాయి. 2 కిలోలు పోయాయి. ఆ రెండు కిలోలు వెంకాయమ్మ దగ్గర బదులు తీసుకుంది. అదునుకు విత్తనం చల్లింది.

చెంచమ్మకు కూలి డబ్బు ఇస్తూ, "ఇంకేమన్నా కావాలా పెద్దమ్మా?" అని అడిగింది.

చెంచమ్మ కొంగుముడి విప్పింది. మడతలు పడ్డ కాగితం ఒకటి తీసింది.

"ఇంటి స్థలం కాగితమంట. ముగ్గురికి చూపించాను. ముగ్గురూ మూడు రకాలు చెప్పారు. నువ్వు చదువు అమ్మాయ్."

నాగమణి దీపం కింద కూర్చుంది. మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా కూడబలుక్కుంటూ చదివింది. కాగితంలో చెంచమ్మ పేరే ఉంది. వచ్చే సోమవారం లోపల సంతకం పెట్టి ఇవ్వాలని ఉంది.

"సంతకమా? నాకు వేలిముద్రేగా వచ్చేది!" అంది చెంచమ్మ.

"నాకు పెంటికలు చూసి ఎలుకను పోల్చడం నేర్పావు. నీకు నీ పేరు రాయడం నేను నేర్పుతాను. అయిదు రోజులు ఉంది. కూర్చో పెద్దమ్మా" అని నాగమణి పలక తీసింది.

మీ ఇంట్లో చూసి రాయండి

1. మీ ఇంట్లో పెంటికలు ఎక్కడ కనిపించాయి? జీలకర్రంత ఉన్నాయా, వేపగింజంత ఉన్నాయా?
2. చప్పుడు అటక మీద వస్తోందా, మూటల మధ్య వస్తోందా?
3. పెన్సిల్ దూరే సందులు ఎన్ని ఉన్నాయి? బొటనవేలు దూరే సందులు ఎన్ని ఉన్నాయి?
4. మీ ఇంటికి ఏ బోను కావాలి? ఎన్ని కావాలి?

ఆలోచించండి, మాట్లాడుకోండి

1. నాగమణి పెద్ద బోనులో చిట్టెలుక ఎందుకు పడలేదు?
2. ఎలుక పిల్లను, చిట్టెలుకను ఎట్లా పోల్చాలి?
3. నాగమణి కాగితం చదవకపోయి ఉంటే ఏమయ్యేది?
4. మీ వీధి వాళ్లంతా కలిసి ఒకే వారంలో ఏ ఏ పనులు చేయగలరు?